ఇళ్లను వెచ్చబెట్టే కొలువులు

చదువుకోవడానికి బ్రిటన్ వెళ్లిన మన పిల్లలకు నవంబరు వచ్చేసరికి కిటికీ కింద గోడకు బిగించి ఉన్న తెల్లటి ఇనుప పలకతో పని పడుతుంది. అదే రేడియేటర్. అది వేడెక్కకపోతే ఇంటి ఓనరుకు ఫోన్ చేసి, ఆయన పంపే మెకానిక్ కోసం దుప్పటి కప్పుకుని కూర్చోవాలి. వచ్చినతను పని తెలిసినవాడైతే ముందు పెట్టె విప్పడు. రేడియేటర్‌ను పైనా కిందా చేత్తో తడిమి చూస్తాడు. కింద వేడిగా, పైన చల్లగా ఉంటే లోపల గాలి చేరిందని అర్థం. చిన్న తాళంచెవితో పక్కనున్న స్క్రూ కాస్త తిప్పితే బుస్సుమంటూ గాలి పోయి, నీటి చుక్క కనబడగానే బిగించేస్తాడు. పైన వేడిగా, అడుగున చల్లగా ఉంటే అది వేరే జబ్బు. లోపల ఇనుము తుప్పు పట్టి నల్లటి మడ్డి పేరుకుంది. గాలి తీస్తే అది పోదు, మొత్తం కడగాలి.

ఐటీఐ, పాలిటెక్నిక్, మెకానికల్ బీటెక్ విద్యార్థులు ఈ రంగం వైపు ఒకసారి చూడాలని నా సలహా. చలి దేశాల ఇళ్లను వేడి చేసే నీళ్లూ, హైదరాబాద్ ఆఫీసు టవర్లను చల్లబరిచే నీళ్లూ ఒకే సూత్రం మీద తిరుగుతాయి. ఒకటి బాగా వస్తే రెండోది సగం వచ్చినట్టే.

సెంట్రల్ హీటింగ్‌లో బాయిలర్ అన్న పేరే ఉంది గానీ అందులో నీరు మరగదు. గ్యాస్ మంట హీట్ ఎక్స్ఛేంజర్‌ను వేడి చేస్తుంది. దాని గుండా పోయే నీరు 60, 70 డిగ్రీలకు చేరుతుంది. పంపు ఆ నీటిని గదిగదికీ తిప్పుతుంది. రేడియేటర్లలో వేడి వదిలేసిన నీరు మళ్లీ బాయిలర్‌కే వస్తుంది. ఏళ్ల తరబడి తిరిగేది ఆ నీరే, స్నానాల గది కుళాయిలో వచ్చే నీరు కాదు. వేడికి నీరు ఉబ్బుతుంది కాబట్టి ఆ ఉబ్బును సర్దుకోవడానికి ఎక్స్‌పాన్షన్ వెసెల్ ఉంటుంది. అందులో రబ్బరు పొరకు ఒక పక్క నీరు, ఇంకో పక్క గాలి. చల్లగా ఉన్నప్పుడు సిస్టమ్ ప్రెషర్ 1 నుంచి 1.5 బార్ మధ్య ఉండాలి. 3 బార్‌కు చేరితే సేఫ్టీ వాల్వ్ తెరుచుకుని నీటిని బయటికి వదిలేస్తుంది.

ఇంటర్వ్యూలో అడగదగ్గ ప్రశ్న ఒకటి చెప్తాను. బాయిలర్ నడుస్తున్నప్పుడు ప్రెషర్ ముల్లు 3 దాకా ఎగబాకి, చల్లారాక సున్నాకు పడిపోతోంది. ఏమైంది? ఎక్కడో లీకుందని చాలామంది గొట్టాల వెంట పడతారు. వెసెల్‌లో గాలి పోయిందేమో ముందు చూడాలి. గాలి లేకపోతే ఉబ్బిన నీటికి చోటు దొరకదు, సేఫ్టీ వాల్వ్ లోంచి బయటికి పోతుంది. చల్లారాక ఆ పోయిన నీటి మేరకు ప్రెషర్ పడిపోతుంది. ఈ వరసలో ఆలోచించి చెప్పగలిగినవాడికి మిగతా పని నేర్పడం కష్టం కాదు.

ఇక తిరిగొచ్చే నీటి సంగతి. ఇంగ్లండ్‌లో 2005 నుంచి కొత్తగా పెట్టే గ్యాస్ బాయిలర్లు దాదాపు అన్నీ కండెన్సింగ్ రకమే. గ్యాస్ మండితే నీటి ఆవిరి పుడుతుంది. ఆ ఆవిరి పొగగొట్టంలోంచి పోకుండా లోపలే నీరుగా మారితే దానిలో దాగిన వేడి కూడా మనకు దక్కుతుంది. కానీ రిటర్న్ నీరు సుమారు 55 డిగ్రీల కంటే చల్లగా వస్తేనే ఇది జరుగుతుంది. బిగించినవాడు సెట్టింగ్‌ను 80 దగ్గర వదిలేసి పోతే రిటర్న్ ఆ గీత దిగదు. ఖరీదైన బాయిలర్ మామూలు బాయిలర్‌లా పనిచేస్తుంది, ఇంటాయన ఏళ్ల తరబడి అదనపు బిల్లు కడతాడు.

బాయిలర్‌కు దగ్గరి రేడియేటర్లు నీరంతా తాగేస్తే చివరి గది చల్లగానే ఉండిపోతుంది, కాలువ చివరి ఆయకట్టుకు నీరందనట్టు. ఒక్కో రేడియేటర్ వాల్వును కొద్దికొద్దిగా బిగిస్తూ, వచ్చే గొట్టానికీ పోయే గొట్టానికీ ఉష్ణోగ్రత తేడా చూస్తూ సరిచేయాలి. దీన్ని బ్యాలెన్సింగ్ అంటారు. ఓపిక కావాలి, పేరు రాదు, అందుకే చాలామంది ఎగ్గొడతారు. మీరు ఎగ్గొట్టకండి.

మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఏ పెద్ద భవనం ప్లాంట్ రూమ్‌లోకి వెళ్లినా ఈ లెక్కే తలకిందులుగా కనిపిస్తుంది. సాధారణంగా చిల్లర్ నుంచి నీరు 7 డిగ్రీల దగ్గర బయల్దేరి, గదుల వేడిని మోసుకుని 12 దగ్గర తిరిగి రావాలి. 9 దగ్గరే వచ్చేస్తోందంటే ఎక్కడో నీరు పని చేయకుండా చుట్టు తిరిగి వస్తోంది. ఆపరేటర్లు దీన్ని డెల్టా టీ పడిపోయింది అంటారు. ఐటీఐలో రెండేళ్ల రిఫ్రిజిరేషన్ అండ్ ఎయిర్ కండిషనింగ్ ట్రేడ్ చేసినవారికి ఇలాంటి చోట అప్రెంటిస్‌షిప్ దొరికితే జీతం తక్కువని వదులుకోవద్దు. బీటెక్ వాళ్లు హీట్ లోడ్ లెక్కలు చేత్తో చేయడం నేర్చుకుని, ఆ తర్వాతే రెవిట్ పట్టుకోండి. సాఫ్ట్‌వేర్ మాత్రమే వచ్చినవాళ్లు కొల్లలు.

మన ఏసీ మెకానిక్‌లకు ఇప్పుడు ఇంకో తలుపు తెరుచుకుంటోంది. యూరప్ గ్యాస్ బాయిలర్ల నుంచి హీట్ పంపుల వైపు జరుగుతోంది. ఏసీ గదిలోని వేడిని బయటికి తోస్తే హీట్ పంపు బయటి వేడిని లోపలికి లాగుతుంది. కంప్రెసర్, గ్యాస్ చార్జింగ్, వాక్యూమ్, అన్నీ తెలిసినవే. ఒక యూనిట్ కరెంటుకు మూడు యూనిట్ల దాకా వేడి ఇస్తుంది, నీటిని 35 నుంచి 50 డిగ్రీల మధ్య నడిపితేనే. కాబట్టి ఇక్కడా డబ్బు మిగిల్చేది చల్లటి రిటర్నే. ఇంగ్లండ్, వేల్స్‌లో బాయిలర్ తీసి హీట్ పంపు పెట్టుకునేవారికి ప్రభుత్వం 2023 అక్టోబరు నుంచి 7,500 పౌండ్ల గ్రాంటు ఇస్తోంది.

అయితే బ్రిటన్‌లో గ్యాస్ పని ఎవరు పడితే వారు చేయకూడదు. గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో పేరుండాలి. సరిగా మండని గ్యాస్ నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. వీసా నిబంధనలు కూడా 2025 జులైలో బిగిశాయి. స్కిల్డ్ వర్కర్ వీసాకు సాధారణంగా డిగ్రీ స్థాయి ఉద్యోగమే ఉండాలి, అంతకంటే తక్కువ స్థాయి ట్రేడ్‌లకు తాత్కాలిక జాబితాలో పేరుంటేనే అవకాశం. దరఖాస్తు చేసే రోజున ఆ జాబితా చూసుకోండి. బిల్డింగ్ సర్వీసెస్ ఇంజినీరుగా డిజైన్ వైపు వెళ్లే బీటెక్ వాళ్లకు దారి కొంత నయం.

ట్రేడ్ నేర్చుకోవాలనుకునేవారికి జర్మనీ మెరుగు. అక్కడ శానిటరీ, హీటింగ్, ఏసీ మూడూ కలిపి ఒకే ట్రేడ్. ఆస్‌బిల్డుంగ్ అనే మూడున్నరేళ్ల అప్రెంటిస్‌షిప్‌లో కొంతకాలం ఒకేషనల్ స్కూల్లో పాఠాలు, మిగతా సమయమంతా కంపెనీలో పని. 2025లో మొదలుపెట్టినవారికి చట్టప్రకారం మొదటి ఏడాది కనీస భృతి నెలకు 682 యూరోలు. దాంతో బతకడం ఇరుకే, ఇంటికి పంపడానికేమీ మిగలదు. జర్మన్ భాష మామూలుగా బీ1 స్థాయి కావాలి. తెలుగు మీడియం నుంచి వచ్చినవారికి అది ఏడాది కష్టం అనుకోండి. బీటెక్ చదివి పైపులు బిగించడమేమిటని ఇంట్లో అంటారు. ఆ మాట పడటానికి సిద్ధమైతేనే వెళ్లండి, సగంలో వచ్చేస్తే చేతికి సర్టిఫికెట్ రాదు.

ఏజెంట్ల విషయంలో ముందే జాగ్రత్త పడాలి. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ ప్రభుత్వ సంస్థలు, ముందు అక్కడ అడగండి. ప్రైవేటు ఏజెంటైతే ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూడండి. విదేశీ ఉద్యోగం ఇప్పించినందుకు రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోదగ్గ గరిష్ఠ రుసుము 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ. లక్షలు అడిగితే లేచి వచ్చేయండి. కాంట్రాక్టు చేతికొచ్చాక అందులో కంపెనీ పేరు, ట్రేడ్ పేరు, నెల భృతి మూడూ రాసి ఉన్నాయో లేదో చూసి, జర్మన్ వచ్చినవారితో ఒకసారి చదివించుకున్నాకే సంతకం పెట్టండి.