పాత మోటారుబండికి నాడీపరీక్ష

మన పాఠశాల వెనుకనున్న రేకుల కొట్టములో ఒక పాత అంబాసిడరు కారు ఉన్న సంగతి విద్యార్థులందఱును ఎఱుగుదురు. బ్రిటను దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారును అనుసరించి హిందుస్థాన్ మోటార్సువారు పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాయందు ఈ కారులను నిర్మించుచుండిరి. 2014వ సంవత్సరమున ఆ నిర్మాణము నిలిచిపోయినది. క్రొత్తవి రావు గనుక ఉన్నవానిని కాపాడుకొనుటయే ఇప్పుడు గతి. ఇట్టి పాతబండ్లను ఇంటివద్దనే బాగుచేసికొను విధానమును గూర్చి, గడచిన వర్షకాలమున మేము చేసిన పొరపాటును ఆధారముగా గైకొని, ఈ పాఠమును వ్రాయుచున్నాము. పొరపాటు మాది, దానివలన కలిగిన తెలివి అందఱిదియు కావలెనని మా కోరిక.

ఒకనాటి రాత్రి వసతిగృహపు బాలుడొకడు తీవ్రజ్వరముతో బాధపడుచుండగా వానిని ఈ కారులో ఆసుపత్రికి తీసికొని బయలుదేరితిమి. పది కిలోమీటర్లు బండి చక్కగా పరుగెత్తినది. పిమ్మట దగ్గు వచ్చినట్లు రెండు మూడు కుదుపులు కుదిపి, నడిత్రోవలో ఆగిపోయినది. సెల్ఫు ఎంత త్రిప్పినను యంత్రము పలుకలేదు. వానలో నిలిచి, దారిని పోవుచున్న ఒక ఆటోను ఆపి, బాలుని అందులో పంపితిమి. వాడు నాలుగు దినములలో కోలుకొనెను; కాని వానలో నిలిచిన ఆ సమయము మాకు మఱపునకు రాదు. చిత్రమేమనగా, ఆటో వెళ్లిన అరగంటకు అదే కారు మొదటి త్రిప్పుతోనే కదలి, మమ్ము క్షేమముగా ఇల్లు చేర్చినది.

మఱునాడు కొట్టములో నిలిపి పరీక్షించితిమి. ఏ లోపమును కనబడలేదు. కాయిలు వేడెక్కిన పనిమానును, చల్లారిన పనిచేయును అని యొకరు చెప్పిరి. ఆ మాట అబద్ధము కాదు. కాయిలు లోపలి తీగచుట్టలపై పూత పాతబడినచో అట్లు జరుగుట కలదు. కావున కాయిలు మార్చితిమి. బండి మరల అట్లే ఆగినది. కండెన్సరు మార్చితిమి, మరల ఆగినది. పెట్రోలు పంపు మార్చితిమి; మరల ఆగినది. ధనము పోయినది గాని రోగము పోలేదు.

అప్పుడు మాకు తోచిన సంగతి యిది. మేము మూడు పర్యాయములు మందు ఇచ్చితిమేకాని, ఒక్క పర్యాయమైనను నాడి చూడలేదు. జ్వరము విడిచి ఆడుకొనుచున్న పిల్లవాని చేయి పట్టిన వైద్యునికి జ్వరము సంగతి ఎట్లు తెలియును? బండి రోగము త్రోవలో; మా పరీక్ష కొట్టములో. ఆగినప్పుడే, ఆగినచోటనే, పరీక్షింపవలయును.

ఏమి పరీక్షింపవలయునో తెలియుటకు, యంత్రము దేనివలన బ్రతుకునో ముందు తెలియవలయును. 1876లో జర్మనీ దేశస్థుడగు నికోలస్ ఆటో నాలుగు దశల యంత్రమును నడిపి చూపెను. పీల్చుట, నొక్కుట, మండుట, వెలిగ్రక్కుట అనునవియే ఆ నాలుగు దశలు. మన కారు యంత్రమును నేటికిని ఆ క్రమముననే నడచుచున్నది. దీనికి కావలసినవి నాలుగు: తగిన పాళ్లలో గాలియు పెట్రోలును, సిలిండరులో గట్టి ఒత్తిడి, బలమైన నిప్పురవ్వ, ఆ రవ్వ సరియైన వేళకు పుట్టుట. బండి ఆగినదన్నచో ఈ నాలుగింటిలో ఏదో యొకటి లోపించినదని అర్థము. లోపించినది యేదో కనుగొనుటయే రోగనిర్ణయము. సులభముగా చూడదగినదానిని ముందుగను, కష్టమైనదానిని తరువాతను చూడవలయును.

మొదట బ్యాటరీ. సెల్ఫు త్రిప్పినప్పుడు దీపములు బొత్తిగా మందగించి, టక్కుటక్కుమను చప్పుడు మాత్రము వచ్చినచో బ్యాటరీ బలహీనపడినదని గాని, దాని కొనలవద్ద తెల్లని పొడి పట్టి తీగలు వదులైనవని గాని ఊహింపవచ్చును. క్రొత్త బ్యాటరీ కొనుటకు ముందు ఆ కొనలను శుభ్రపఱచి బిగించి చూడుడు. నిండుగా విద్యుత్తుగల బ్యాటరీ ద్రవము యొక్క సాపేక్ష సాంద్రత సుమారు 1.28 ఉండును.

రెండవది నిప్పురవ్వ. ఒక ప్లగ్గును విప్పి, దాని తీగను దానికే తగిలించి, ప్లగ్గు లోహపుభాగము యంత్రపు ఇనుమునకు ఆనునట్లు ఉంచి, సెల్ఫు త్రిప్పింపవలయును. తీగను చేతితో పట్టరాదు. రబ్బరుపిడి గల పటకారుతో పట్టవలయును. టక్కుమని నీలిరవ్వ దూకినచో కాయిలు, పాయింట్లు, కండెన్సరు తమ పని చేయుచున్నవి. ఎఱ్ఱని నీరసపు రవ్వ వచ్చినను, అసలు రాకున్నను, డిస్ట్రిబ్యూటరు మూత తెఱచి పాయింట్లు కాలిపోయినవేమో, వాని సందు సరిగా ఉన్నదేమో ఫీలరు గేజితో చూడవలయును.

మూడవది పెట్రోలు. కార్బురేటరునకు వచ్చు గొట్టమును విప్పి, దాని కొనను సీసాలో ఉంచి, కాయిలు తీగను తొలగించి, సెల్ఫు త్రిప్పినచో పెట్రోలు ఆగి ఆగి చిమ్మవలయును. ఇది పెద్దలు మాత్రమే చేయవలసిన పని. వేడి గొట్టముల దాపున పెట్రోలు చుక్క పడినను ప్రమాదమే. మంటనార్పు సాధనము చేతికందునట్లు ఉండవలయును.

నాలుగవది ఒత్తిడి. దీనిని కొలుచుటకు ప్రత్యేకమైన మాపకము కలదు. ఒక సిలిండరునందలి ఒత్తిడి తక్కినవానికంటె మిగుల తక్కువైనచో కవాటములో, పిస్టను రింగులో, హెడ్డు గ్యాస్కెట్టులో చెడియుండును. అది మేస్త్రీకి అప్పగింపదగిన పని.

ఇక మా బండి సంగతి. ఒక శనివారము ఉదయమున ఇద్దఱు విద్యార్థులను, ఒక నోటుపుస్తకమును వెంటబెట్టుకొని, బండి ఆగువఱకు నడిపితిమి. పండ్రెండవ కిలోమీటరువద్ద ఆగినది. బ్యాటరీ బాగుగ నుండెను. రవ్వ నీలిరంగున దూకెను. ఒక్క క్షణములో కాయిలు, కండెన్సరు నిర్దోషులని తేలినది. వానికై మేము వెచ్చించిన ధనము వ్యర్థమనియు తేలినది. గొట్టమును విప్పి చూడగా సీసాలో చుక్కయైనను పడలేదు. పంపు క్రొత్తది; టాంకు సగము నిండియున్నది. మఱి పెట్రోలు ఏల రాదు? టాంకులో నిజముగా పెట్రోలున్నదా యని పుల్లతో కొలుచుటకై ఒక విద్యార్థి టాంకు మూత త్రిప్పెను. బుస్సుమని గాలి లోనికి దూసికొనిపోయిన చప్పుడు మాకందఱకును వినబడినది. మరల సెల్ఫు త్రిప్పగా సీసాలోనికి పెట్రోలు ధారగా వచ్చినది.

కారణము పదార్థవిజ్ఞానపు తరగతిలో మనము చదువుకొన్నదే. 1643లో ఇటలీ దేశస్థుడగు టారిచెల్లి పాదరసపు గొట్టముతో గాలికి ఒత్తిడి కలదని చూపెను. టాంకులోని పెట్రోలు తగ్గినకొలది ఆ ఖాళీలోనికి గాలి ప్రవేశింపవలయును. ప్రవేశింపకున్నచో లోపలి ఒత్తిడి తగ్గిపోవును; తుదకు పంపు ఎంత లాగినను పెట్రోలు కదలదు. ఈ రహస్యము మన యింటి ఆడువారికి ఏనాడో తెలియును. నూనెడబ్బాకు ఒకే రంధ్రము పొడిచి వంచినచో నూనె గుటగుటమని ఆగి ఆగి కారును. ఎదుటి మూలను రెండవ రంధ్రము పొడిచినచో ధార కట్టును. బండి ఆగి నిలిచిన అరగంటలో సన్నని సందులగుండ గాలి మెల్లగా టాంకులోనికి చేరెడిది. అందుచేతనే చల్లారిన పిదప అది మరల కదలుచుండెను. వేడెక్కిన కాయిలు లక్షణమును, గాలియాడని టాంకు లక్షణమును ఒక్కటే! లక్షణమును మాత్రమే చూచి మందిచ్చుటలోని అపాయమిదియే.

టాంకు మూతకు గాలిద్వారము ఏల లేదు? వేసవిలో పాత మూత పోయినందున, కొలత సరిపోయినదని ఒక మూతను కొని బిగించినవారము మేమే. గాలిద్వారముగల మూతను కొని బిగించితిమి; నాటినుండి బండి త్రోవలో ఆగలేదు. మూత మార్చిన తేదీని వ్రాసియుంచుకొనినచో, రోగమునకు ముందు మారినది ఆ మూత యొక్కటియే యని మొదటి దినముననే తెలిసియుండెడిది. అందువలన ఇప్పుడు కొట్టములో ఒక నోటుపుస్తకము వ్రేలాడుచున్నది. మార్చిన వస్తువు, తేదీ, తిరిగిన దూరము అందులో వ్రాయబడును. జ్వరపడిన ఆ బాలుడే ఇప్పుడు దానిని వ్రాయుచున్నాడు.

కావున మూడు సూత్రములను గుర్తుంచుకొనుడు. రోగమున్నప్పుడే నాడి చూడుడు. ఒక పర్యాయమునకు ఒక్కదానినే మార్చి ఫలితమును చూడుడు. రోగము పుట్టకముందు బండిలో ఏమి మారినదో విచారింపుడు.

లారీలకును ఈ సూత్రములే వర్తించును, రోగములు మాత్రము వేఱు. 1897లో రుడాల్ఫ్ డీజిల్ విజయవంతముగ నడిపిన యంత్రజాతిలో ప్లగ్గులు ఉండవు. గాలిని మిక్కిలిగా నొక్కుటవలన పుట్టిన వేడికే నూనె మండును. టాంకు ఖాళీయగువఱకు నడిపిన పాత లారీలో నూనె నింపినను కదలకుండుట కలదు. గొట్టములలో గాలి చిక్కుకొనుటయే దీనికి కారణము. ఫిల్టరువద్దనున్న మరను వదులుచేసి, చేతిపంపును కొట్టి, బుడగలు లేని ధార వచ్చువఱకు విడిచి, మరను బిగింపవలయును.

నేటి కాలమున పాత పెట్రోలుబండ్లకు మఱియొక జాగ్రత్త కావలెను. 2023 ఫిబ్రవరిలో మన దేశమున 20 శాతము ఇథనాలు కలిపిన పెట్రోలు విక్రయము ఆరంభమైనది. ప్రాతకాలపు రబ్బరు గొట్టములు, వాషర్లు ఇథనాలునకు తట్టుకొనుటకై చేయబడినవి కావు. అవి ఉబ్బుటయు, పగులుటయు కలదు. కావున నెలకొకసారి వానిని తడవి చూచి, చెమ్మ గాని వాసన గాని తగిలినచో, ఇథనాలునకు తగిన గొట్టములను వేయింపుడు. కారుచున్న పెట్రోలుతో బండిని కదలింపకుడు.

లెక్కలయందు ప్రీతిగల విద్యార్థులకు ఒక వినోదము. అంబాసిడరు యొక్క 1489 ఘనసెంటీమీటర్ల యంత్రములో ఎనిమిది కవాటములు కలవు. వాని టప్పెట్ల సందును సరిచేయునప్పుడు, ముందునుండి లెక్కించి, రెండు సంఖ్యల మొత్తము తొమ్మిది కావలయునని గుర్తుంచుకొనుడు. ఎనిమిదవది పూర్తిగ తెఱచుకొన్నప్పుడు ఒకటవదానిని, ఆఱవది తెఱచుకొన్నప్పుడు మూడవదానిని సరిచేయవలయును. తక్కినవియు నిట్లే.

తుదకు ప్రాణరక్షణకు సంబంధించిన మాటలు. జాకీ బండిని ఎత్తుటకే గాని నిలుపుటకు గాదు. ఇనుప స్టాండ్లపై నిలిపి, నేలనున్న చక్రములకు దిమ్మలు అడ్డుపెట్టనిదే బండిక్రిందికి తల దూర్పరాదు, ఇటుకలను నమ్మరాదు. వేడిగానున్న రేడియేటరు మూతను విప్పరాదు. ఒత్తిడిలోనున్న నీరు నూఱు డిగ్రీలు దాటినను పొంగక నిలిచి, మూత విప్పగనే ముఖముపై చిమ్మును. మూసిన కొట్టములో యంత్రమును నడుపరాదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడునకు వాసన లేదు, అది ప్రాణము తీయును. పాత బ్రేకు షూల ధూళిలో ఆస్‌బెస్టాసు ఉండవచ్చును. నోటితో ఊదక తడిగుడ్డతో తుడువుడు. బ్రేకునూనెకు బదులు యంత్రపు నూనె పోసినచో లోపలి రబ్బరులు ఉబ్బి బ్రేకులు చెడును. పెడలు మెత్తబడినచో బండిని కదలింపక మేస్త్రీని పిలువుడు. త్రోవలో ఆగిన బండి కష్టము కలిగించును. ఆగవలసినచోట ఆగని బండి ప్రాణము తీయును.

ఇంట పాతబండి యున్న తల్లిదండ్రులు ఈ సెలవులలో పిల్లలను వెంటనుంచుకొని ఒక్క ఉదయము దానిని పరీక్షింతురుగాక. స్పానరు పట్టుటకు ముందు ఒక నోటుపుస్తకము తెఱవవలెనని మాత్రము వారిని కోరుచున్నాము.