గ్రామసభనాడు కరకరలాడు క్యాబేజీ సలాడు

పార్వతీపురం మన్యం జిల్లాలోని గుమ్మలక్ష్మీపురము షెడ్యూల్డు ప్రాంతము. 1996 నాటి పెసా చట్టము ఇచట గ్రామసభకు విశేషాధికారముల నొసగినది. కొండమీది ఊళ్లనుండి నడచి వచ్చువారిని సభ ముగియువరకు ఆకలితో కూర్చుండబెట్టుట న్యాయము కాదు. నూడుల్సు కలిపిన క్యాబేజీ సలాడును 50 మందికి సులభముగా సిద్ధము చేయవచ్చును.

క్యాబేజీ 4 కిలోలు, నూడుల్సు 1 కిలో, జీడిపప్పు అరకిలో, నిమ్మకాయలు 20 చాలును. జీడిపప్పు మన కొండతోటలదే కదా! నూడుల్సును ఉడికింపరాదు. నలిపి, కొద్ది నూనెలో ఎఱ్ఱగా వేయించి, చల్లారిన పిదప మూతగల డబ్బాలో ఉంచవలెను. పొట్లములోని మసాలా వేయుదురేని ఉప్పు తగ్గింపవలెను.

ఇక ముఖ్యవిషయము. ఇందు క్యాబేజీని పచ్చిగనే తిందుము. గెడ్డనీటితో కడిగినచో అందలి రోగక్రిములు నేరుగా కడుపులోనికి పోవును. ఒక్క విందుతో ఊరెల్ల విరేచనములపాలు కాగలదు. నిమ్మరసము క్రిములను చంపునని కొందరందురు, దానిని నమ్మరాదు. ముందునాటి రాత్రియే నీటిని తెర్లకాచి, మూతపెట్టి చల్లార్చవలెను. ఈ పనిని ఒక సభ్యునకు పేరుపెట్టి అప్పగింపుడు. లేనిచో ఒకరు చేసిరని మరియొకరు ఊరకుందురు. పైరేకులను తీసివేసి, గడ్డను రెండుగా కోసి, ఆ నీటితో బాగుగా కడిగి, శుభ్రమైన గుడ్డపై ఆరబెట్టవలెను. తరుగువారు సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. మాంసము కోసిన కత్తిపీటను దీనికి వాడరాదు.

ఉప్పు, నిమ్మరసము పడగానే క్యాబేజీ నీరూరును, నూడుల్సు మెత్తబడును. ఉపన్యాసములు అనుకొన్న వేళకు ముగియుట అరుదు. కావున చివరి తీర్మానము ఆమోదింపబడిన తరువాతనే అన్నియు కలిపి, వెంటనే వడ్డింపవలెను. మిగిలినదానిని మరునాటికి దాచరాదు.