షుగర్ ఉన్న పిల్లలకు ఫోన్ మెసేజ్

మధుమేహం అనగా రక్తంలో చక్కెర ఎక్కువగుట. మన దిక్కు షుగర్ అంటరు. అది ముసలోళ్ళ రోగమే అనుకుంటం గాని, మొదటి రకం మధుమేహం మన ఈడు పిల్లలకు కూడా వస్తది. స్వీట్లు తింటే వచ్చేది కాదు, అంటుకునేది అసలే కాదు. క్లోమం అనే గ్రంథి ఇన్సులిన్ తయారు చేయుట ఆగిపోతది. అందుకే రోజూ సూది వేసుకోవాలె. 1922 జనవరిలో కెనడా దేశం టొరంటోలో లియోనార్డ్ థాంప్సన్ అనే పిల్లగానికి మొట్టమొదట ఇన్సులిన్ ఇచ్చిండ్రు. అతనికి 14 ఏండ్లు, నా అంతే! అంతకు ముందు ఈ రోగమొస్తే పిల్లలు ఎక్కువ కాలం బతికేటోళ్ళు కాదు.

ఇప్పుడు మందు ఉన్నది. మరి కష్టం ఏంది? డోర్నకల్‌లో రైలెక్కి వరంగల్ పెద్దాసుపత్రికి పోయి డాక్టరుకు చూపించుకుంటరు అనుకోండి. మళ్ళీ పోయేది మూడు నెలలకు. ఆ మధ్యల రోజూ ఎవరు గుర్తు చేస్తరు? పదిమందిలో సిగ్గయి కొందరు సూది మానేస్తరు.

స్కాట్లాండ్‌లోని డండీ పట్టణం డాక్టర్లు దీనికి ఒక ఉపాయం చేసిండ్రు. 8 నుండి 18 ఏండ్ల పిల్లలు 92 మందితో చేసిన ఆ పరిశోధన 2006లో అచ్చయింది. ఆసుపత్రిలో ఎవరు ఏ లక్ష్యం పెట్టుకుంటే దానికి తగ్గ మెసేజ్ వాళ్ళ ఫోన్‌కు పంపేటోళ్ళు. దాని పేరు స్వీట్ టాక్, అంటే తియ్యటి మాట. పేరు నాకు భలే నచ్చింది. మెసేజ్‌లు అందిన పిల్లలకు "నేను చేసుకోగలను" అనే ధైర్యం పెరిగింది. కాని ఉత్త మెసేజ్‌తో షుగర్ తగ్గలేదు. ఎక్కువసార్లు సూది వేసే పద్ధతి, మెసేజ్ రెండూ ఉన్నోళ్ళకే తగ్గింది. కాబట్టి మెసేజ్ మందు కాదు, మందును గుర్తు చేసేది.

మన హాస్టల్‌లో పిల్లల దగ్గర ఫోన్ ఉండదు గదా. అందుకని మెసేజ్ వార్డెన్ మేడం ఫోన్‌కు రావాలె. పక్క మంచం అమ్మాయి కూడా గుర్తు చేయొచ్చు, మెల్లగా, అందరికీ వినపడేటట్టు కాదు.

ఇంకొక మాట వార్డెన్ మేడంలకు. భోజనం ముందటి సూది వేసుకున్నంక అన్నం ఆలస్యమైతే షుగర్ పడిపోతది. ఆ అమ్మాయిని లైన్ చివర నిలబెట్టకండి. చెమటలు, వణుకు, బాగా ఆకలి వస్తే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్ళల్లో కలిపి తాగించాలె. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయొద్దు, 108కి ఫోన్ చేయాలె.