కంప్యూటరు నుండి చెవి వఱకు

కంప్యూటరులో పాట శబ్దముగా నుండదు, అంకెలుగా నుండును. కాంపాక్టు డిస్కు పద్ధతిలో ధ్వనిని సెకనునకు 44,100 మాఱులు కొలిచి వ్రాసిన అంకెలవి. వానిని మరల విద్యుత్తరంగములుగా మార్చు సాధనము కంప్యూటరులోనే కలదు. కాని పెట్టెలోని తక్కిన భాగముల విద్యుత్కల్లోలము కొంత యందు జొరబడవచ్చును. పాట నెమ్మదించినపుడెల్ల కీచుమను సన్నని రొద వినఁబడఁగా, మేము హెడ్‌ఫోనే చెడినదని తలఁచితిమి! మార్చు సాధనమును యు.ఎస్.బి. తీగతో పెట్టె వెలుపల నుంచఁగా నా రొద పోయెను.

విద్యున్నిరోధము 32 ఓములైన హెడ్‌ఫోనునకు సామాన్యముగా నింతే చాలును. 300 ఓముల దానికి వేఱొక యాంప్లిఫయరు కావలసి యుండవచ్చును. సొమ్ము కొంచెమైనచో మొదట మంచి హెడ్‌ఫోనే కొనవలెను. బలము హెచ్చినకొలఁది చెవికి భయమును హెచ్చును. లోపలి చెవిలోని రోమకణములు నశించినచో మనుష్యులకు మరల మొలవవు. కావున ధ్వనిమీటను తగ్గించిన పిమ్మటనే హెడ్‌ఫోను ధరింపుఁడు.