మెట్ల కింది చిన్న గది – పింగాణీ పలకల పాఠం

ఈ వార్షిక సంచికకు ఏదైనా ఒక శాస్త్ర విషయం మీద వ్యాసం ఇవ్వమని సంపాదక మిత్రులు అడిగినప్పుడు, "మరుగుదొడ్డి మీద రాస్తాను" అన్నాను. పక్కనున్న స్నేహితులు పకపకా నవ్వారు. నక్షత్రాల మీదా అణువుల మీదా రాయవలసిన బి.ఎస్సీ. విద్యార్థి టైల్సు మీదా, చేతులు కడుక్కునే తొట్టి మీదా రాయడం నవ్వులాటగానే ఉంటుంది. కాని ఈ పాఠం నేను తరగతి గదిలో నేర్చుకున్నది కాదు. మా అవ్వ చెయ్యి విరిగితే నేర్చుకున్నది. ఇల్లు కట్టుకునే వాళ్ళకూ, ఇంట్లో ముసలివాళ్ళున్న వాళ్ళకూ పనికొస్తుందని రాస్తున్నాను.

మాది బంగారుపాళ్యం. చిత్తూరు నుంచి పలమనేరు పోయే దారిలో ఉంటుంది. తోతాపురి మామిడి మా ఇంటికి ఆధారం. మా ఇంటికి మరుగుదొడ్డి లేకపోలేదు. అయితే అది పెరట్లో, ఆవుల కొట్టం దాటి, ఆ చివర ఉంది. పగలు సరే. రాత్రిపూట వానలో, కరెంటు లేనప్పుడు, డెబ్బై అయిదేళ్ళ మనిషి అంత దూరం నడిచేదెట్ల? 2024లో కాయలు అమ్మిన తరువాత, మిద్దె మెట్ల కింద పాత సామాన్లు పడేసే జాగాలో ఒక చిన్న గది కట్టించాలని నాయన నిశ్చయించుకున్నాడు.

"సదువుకుంటా ఉండావు గదా, టైల్సూ అవీ నువ్వే సూసి తీసుకో" అన్నాడు.

నేను ఫోనులో బొమ్మలు చూశాను. నేలకు రెండడుగుల చదరం పలకలు, పాలరాయి మాదిరి తెల్లగా మెరిసేవి తెచ్చాను. తలుపు పక్కన రాతి బండ పెట్టించి, దాని మీద పెద్ద గిన్నె బోర్లించకుండా పెట్టినట్టుండే బేసిన్ పెట్టించాను. దుకాణాల్లో దీన్నే టేబుల్ టాప్ బేసిన్ అంటారు. వీధిలోవాళ్ళు వచ్చి చూసిపోయారు. అవ్వ మాత్రం గడప దగ్గరే నిలబడి, "ఏందిరా ఇది, అద్దం మాదిరి ఉంది. కాలు పెట్టేదానికే భయంగా ఉంది" అనింది. అందరం నవ్వాము.

ఆ కార్తీక మాసం వానల్లో ఒక రాత్రి ఆమె తడికాలితో లోపలికి పోయి జారింది. పట్టుకోవడానికి చేతికి అందింది ఆ గిన్నె ఒక్కటే. అది బండ మీద నుంచి ఊడి వచ్చింది. ఆమె కుడిచేతి మణికట్టు విరిగింది.

కట్టు విప్పిన తరువాత కూడా అవ్వ ఆ గదిలోకి పోలేదు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు అమ్మ నాతో ఒక మాట చెప్పింది. పొద్దు గూకితే అవ్వ నీళ్ళు తాగడం మానేసిందట. అడిగితే "దప్పి లేదు నాయనా" అంటుంది. దప్పి లేక కాదు, రాత్రి లేవవలసి వస్తుందని. అది విన్నప్పుడు నాకు తల కొట్టేసినట్లయింది.

ఆ గదిని మళ్ళీ సరిచేయాలి. కాని 2025లో తోతాపురి ధర ఎట్లా పడిపోయిందో మా జిల్లావాళ్ళకు చెప్పనక్కరలేదు. చేతిలో డబ్బు కొంచెమే. తప్పు చేసేదానికి ఈసారి వీలు లేదు. అందుకని ఈసారి బొమ్మలు చూడకుండా, పుస్తకాలు చూశాను.

1. కొలతలు: ముందు ముగ్గుపిండితో

మన దేశపు జాతీయ భవన నియమావళి ప్రకారం, కమోడు మాత్రమే ఉండే గదికి కనీస విస్తీర్ణం 1.1 చదరపు మీటర్లు, కనీస వెడల్పు 0.9 మీటరు. మా గది 3 అడుగుల వెడల్పు, 5 అడుగుల పొడవు. అంటే సుమారు 1.4 చదరపు మీటర్లు. చిన్నదే గాని చాలుతుంది. చిక్కు వెడల్పులో కాదు, ఎత్తులో ఉంది. మెట్ల కింది కప్పు వాలుగా దిగుతుంది. ఒక్కొక్క మెట్టు ఎత్తు 7 అంగుళాలు, వెడల్పు 10 అంగుళాలు అనుకుంటే, 5 అడుగుల పొడవులో కప్పు మూడున్నర అడుగులు కిందికి వస్తుంది. తలుపు దగ్గర ఏడున్నర అడుగులుంటే ఆ చివర నాలుగడుగులే.

కనుక కూర్చునే చోటు తక్కువ ఎత్తు వైపు, నిలబడే చోటు ఎక్కువ ఎత్తు వైపు ఉండాలి. కమోడు ముందు అంచు వెనక గోడ నుంచి రెండుంబావు అడుగుల దూరానికి వస్తుంది. అక్కడ కప్పు ఎత్తు లెక్క వేస్తే అయిదున్నర అడుగులు తేలింది. అవ్వ అయిదడుగుల లోపు మనిషి, లేచి నిలబడగలదు. నాయన కొంచెం వంగాలి. ఈ గది ఎవరి కోసమో ముందు తేల్చుకుంటే ఇట్లాంటి లెక్కలు సులభమవుతాయి.

తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకుంటే గదిలో సగం అదే తింటుంది. పైగా లోపల ఎవరైనా పడిపోతే, ఆ మనిషే తలుపుకు అడ్డమై బయటివాళ్ళు తెరవలేరు.

ఈసారి కాగితం మీద గీసి ఊరుకోలేదు. వాకిట్లో ముగ్గుపిండితో గదిని ఉన్నదున్నట్టు పూర్తి కొలతలతో గీశాను. కమోడు ఉండేచోట స్టూలు వేశాను. అవ్వను కూర్చోమని, లేవమని, తిరగమని చెప్పి, లేచేటప్పుడు చెయ్యి ఎక్కడికి పోతుందో అక్కడ గుర్తు పెట్టుకున్నాను. గోడకు స్టీలు పట్టుగొట్టం వేయవలసిన చోటు అదే. ఖర్చు గుప్పెడు ముగ్గుపిండి.

2. మట్టి ఒకటే, కాల్పు వేరు

మా ఊరి నుంచి పడమరకు పోతే, మొగిలి ఘాటు ఎక్కిన తరువాత, మట్టి బొమ్మలకూ కుండలకూ పేరుపొందిన పలమనేరు. తూర్పుకు పోతే చిత్తూరు దాటి, తమిళనాడులో రాణిపేట. అక్కడ 1952లో పారీ కంపెనీ పింగాణీ కమోడులు, బేసిన్ల తయారీ మొదలుపెట్టింది. పారీవేర్ అనే పేరు అట్లా వచ్చిందే. రెండు చోట్లా ముడిసరుకు మట్టే. మరి పలమనేరు కుండలో నీళ్ళు చల్లబడతాయి, రాణిపేట బేసిన్‌లో చల్లబడవు. ఎందువల్ల?

కుండను కాల్చే వేడి సాధారణంగా వెయ్యి డిగ్రీల సెంటిగ్రేడుకు లోపే. ఆ వేడికి మట్టి గట్టిపడుతుంది గాని కణాల మధ్య సన్నటి రంధ్రాలు మిగిలిపోతాయి. వాటిలోంచి నీరు ఊరి, ఆవిరై, వేడిని తీసుకుపోతుంది. పింగాణీకి తెల్లబంకమట్టితో పాటు ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ పొడి కలిపి, సుమారు 1200 డిగ్రీల దగ్గర కాలుస్తారు. ఆ వేడికి ఫెల్డ్‌స్పార్ కరిగి గాజులా మారి రంధ్రాలను పూడ్చేస్తుంది. పైన వేసే మెరుగుపూత కూడా ఒక విధమైన గాజే. నీళ్ళు తాగని మట్టి అన్నమాట. కుండకు గుణమైనదే మరుగుదొడ్డికి దోషం. నీళ్ళు తాగే పలక మురికినీ, వాసననూ కూడా తాగుతుంది.

టైలు పలకలను భారత ప్రమాణం ఐఎస్ 15622 ఈ నీళ్ళు తాగే గుణాన్ని బట్టే తరగతులుగా విడదీసింది. దాదాపు నీళ్ళే పీల్చనివి ఒక కొస. 10 శాతం మించి పీల్చేవి ఇంకో కొస. మొదటివి నేలకు, రెండోవి గోడకు. దుకాణంలో పెట్టె మీద అక్షరాలు అర్థం కాకపోతే, పలకను తిరగేసి వెనకవైపు ఒక నీటిచుక్క వేయండి. చుక్క అట్లాగే నిలిస్తే నేలకు పనికొచ్చే గట్టి పలక. చూస్తుండగానే ఇంకిపోతే అది గోడ పలక. ఈ పరీక్షకు డిగ్రీ అక్కరలేదు.

3. నేల వేరు, గోడ వేరు

నేను తెచ్చిన పలకలు నీళ్ళు తాగని మంచి రకమే. అయినా అవ్వ జారింది. నీళ్ళు తాగకపోవడం వేరు, జారకపోవడం వేరు. ఈ తేడా అప్పుడు నాకు తెలియదు.

నున్నటి పలక మీద నీళ్ళు పడితే, పాదానికీ పలకకూ మధ్య పలచటి నీటి పొర నిలుస్తుంది. పాదం పలకను తాకక, ఘర్షణ తగ్గిపోతుంది. గరుకు పలక అయితే ఆ నీరు పక్కకు తప్పుకోవడానికి గుంటలుంటాయి. తడి రోడ్డు మీద పోయే బండి టైరుకు గాడులు ఎందుకుంటాయో ఇదీ అందుకే. పలక కొనేముందు దాని మీద సబ్బునీళ్ళు పోసి, గోడ పట్టుకొని, వట్టికాలితో మోపి చూడాలి. పొడి పలక మీద చెయ్యి రాసి చూసి కొనడం నేను చేసిన తప్పు.

రెండో సంగతి పలక సైజు. నేల వాలు 60కి 1 ఉంటే, అయిదడుగుల గదిలో ఒక చివర నుంచి ఇంకో చివరకు సరిగ్గా ఒక అంగుళం దిగుతుంది. రెండడుగుల పలక వంగదు కాబట్టి, నాలుగు వైపుల నుంచీ నీరు జాలీ దగ్గరికి పోయేటట్టు పరచడం కష్టం. మధ్యలో నీళ్ళు నిలుస్తాయి. అడుగు చదరం పలకలో, అంతకన్నా చిన్నవో అయితే వాలు చక్కగా కుదురుతుంది. సందులు ఎక్కువైనకొద్దీ కాలికి పట్టు కూడా ఎక్కువ.

మూడోది రంగు. మెట్ల కింద వెలుతురు తక్కువ కనుక గోడలకు తెల్లటి మెరుపు పలకలు మంచివే. ఉన్న వెలుతురును అవి తిప్పి కొడతాయి. గోడ మీద ఎవరూ నడవరు గదా! గోడ పలకలు నీళ్ళు తాగే రకం కావడం కూడా లాభమే. ఆ రంధ్రాల్లోకి సిమెంటు పాలు పోయి గోడను గట్టిగా పట్టుకుంటాయి. కాని నేలా తెలుపే, కమోడూ తెలుపే అయితే, కంట్లో శుక్లం ఉన్న ముసలివాళ్ళకు ఏది ఎక్కడ మొదలవుతుందో కనబడదు. నేలకు బూడిదరంగు గరుకు పలక, గడప దగ్గర ఒక నల్లటి వరస వేయించాను. గోడలు పాతవే ఉంచాను. మార్చింది పదిహేను చదరపు అడుగుల నేల మాత్రమే.

4. రాతి మీది గిన్నె

గిన్నె బేసిన్ చూడడానికి అందంగా ఉంటుంది. చిన్న గదికి ఒక సదుపాయం కూడా ఉంది, కింద బండ ఇరుగ్గా ఉన్నా సరిపోతుంది. కాని దాన్ని పెట్టడంలో మూడు లెక్కలున్నాయి.

మొదటిది ఎత్తు. బేసిన్ పై అంచు నేల నుంచి 80, 85 సెంటీమీటర్ల ఎత్తులో ఉండటం పరిపాటి. నేను బండనే ఆ ఎత్తులో పెట్టించాను. దాని మీద 15 సెంటీమీటర్ల గిన్నె! అవ్వ చేతులెత్తితే నీళ్ళు మోచేతుల మీదుగా నేల మీదికి కారేవి. నేల ఎప్పుడూ తడిగా ఉండటానికి ఇదే మూలం. గిన్నె లోతు తీసివేసి బండను కిందికి దించాలి. అవ్వ కొలతకు బండను 60 దగ్గర పెట్టించాము. అంచు 75కు వచ్చింది.

రెండోది కొళాయి. నీరు 25 సెంటీమీటర్ల పైనుంచి పడితే, గిన్నెను తాకే వేళకు ఆ పతనం వల్లనే దానికి సెకనుకు 2.2 మీటర్ల వేగం వస్తుంది. 10 సెంటీమీటర్ల నుంచి అయితే 1.4 మీటర్లే. శక్తి లెక్కలో రెండున్నర రెట్ల తేడా. ఆ తేడాలో కొంత తుంపరలై బయటికి చిందుతుంది. కొళాయిని దించాము, ధార గిన్నె నడిమికి పడేటట్టు జరిపాము. ఇంకొకటి, ఇట్లాంటి గిన్నెల్లో చాలావాటికి పొంగునీరు పోయే రంధ్రం ఉండదు. కొళాయి కట్టేయడం మరిస్తే వరదే.

మూడోది, అన్నిటికంటె ముఖ్యమైనది. గిన్నె బండ మీద ఆనుకొని ఉంటుందే గాని, మనిషి బరువు ఆపేదానికి పుట్టింది కాదు. జారే మనిషి చేతికి ముందు అందేది అదే. కాబట్టి దానికంటే ముందు అందేటట్టు పట్టుగొట్టం ఉండాలి. ఆ గొట్టం మరలు టైలుకు కాదు, లోపలి ఇటుక గోడలోకి లోతుగా దిగాలి.

5. శుభ్రం గురించి రెండు మాటలు

బోరునీళ్ళు చవుడుగా ఉన్నచోట పలకల మీద తెల్లటి పొర కడుతుంది. అందులో ముఖ్యమైనది కాల్షియం కార్బొనేటు. దాన్ని వదిలించేదానికి చాలామంది యాసిడ్ పోస్తారు. యాసిడ్ పింగాణీని పెద్దగా ఏమీ చేయదు గాని సందుల్లోని సిమెంటును తినేస్తుంది. సందు పోతే నీరు కిందికి దిగి, పలక ఊగుతుంది. నిమ్మరసమో, చింతపండు పులుసో రాసి కాసేపు ఉంచి తోమితే చాలు, అదీ ఆమ్లమే. యాసిడ్ మీద బ్లీచింగ్ పౌడరు ఎన్నడూ చల్లవద్దు. చిన్న గదిలో ఆ క్లోరిన్ వాయువు ప్రాణాపాయం.

ఇంతా చేసి ఖర్చు నేను భయపడినంత కాలేదు. మొదటిసారి పెట్టిన దాంట్లో చిన్న భాగంతోనే గది బాగుపడింది. ఆ ముగ్గు మొదటే వేసి ఉంటే అదీ మిగిలేది, అవ్వ చెయ్యీ మిగిలేది. ఆమె ఇప్పటికీ ఆ చేత్తో నిండు బిందె ఎత్తలేదు.

మనం ప్రయోగశాలలో ఘర్షణ గుణకం కనుక్కుంటాము, రికార్డు రాస్తాము, మార్కులు తెచ్చుకుంటాము. ఆ పాఠం మన ఇంటి గడప దగ్గర పనికొస్తుందని ఎందుకో తోచదు. గడప దగ్గర నిలబడి "కాలు పెట్టేదానికే భయంగా ఉంది" అన్న అవ్వకు ఘర్షణ గుణకం అనే మాట తెలియదు, సంగతి తెలుసు. నాకు మాట తెలుసు, సంగతి తెలియలేదు. మిత్రులారా, ఇల్లు కట్టేటప్పుడు ఆ ఇంట్లో అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషిని ముందు అడగండి. పలకలు తరువాత కొనవచ్చు.

మొన్న సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు, రాత్రి పడుకోబోయే ముందు అవ్వ తలాపున చెంబు నిండా నీళ్ళు పెట్టుకుంది. తెల్లవారి లేచి చూశాను. చెంబు ఖాళీగా ఉంది.