కాలినడక వంతెనలు - పట్టణ జీవనము

మన పట్టణమును రైలుదారి రెండు ముక్కలుగా చీల్చుచున్నది. తూర్పున బజారు, ఆసుపత్రి, కచేరీలు, మన పాఠశాల. పడమట కూలిపేటలు, సంతబయలు. ఈ రెంటిని కలుపునది స్టేషను ప్రక్కనున్న ఇనుప మెట్లవంతెన యొక్కటే. బండ్లు పోవు గేటు మైలు దూరమున నున్నది. ఉదయము తొమ్మిది గంటలవేళ ఆ వంతెనపై నిలిచి చూచినచో పట్టణమంతయు మన యెదుట నడచిపోవును: పాలక్యానులు మోయువారు, పూలగంపల స్త్రీలు, ప్లీడరు గుమాస్తాలు, పుస్తకముల సంచులతో మీరును. కారుగలవారు మాత్రము గేటు చుట్టి పోవుదురు గనుక అచ్చట కనబడరు.

నిరుడు మరమ్మతు నిమిత్తము ఆ వంతెనను మూడు మాసములు మూసిరి. పడమటి పేటల పిల్లల హాజరు ఆ దినములలో నెట్లు తగ్గెనో మా హాజరుపట్టీలే చెప్పును. వచ్చినవారును ఎట్లు వచ్చిరి? ఆగియున్న గూడ్సుబండి క్రింద దూరి వచ్చుచుండగా మేమే కన్నులార చూచితిమి. ఒకనాడు మేము కేకవేసి ఆపిన బాలురు ఇరువురు ఇప్పుడు ఈ పుటలను చదువుచుందురు. వారి పేర్లు వ్రాయము. ఒక వంతెన యున్నంతకాలము దాని విలువ మనకు తెలియలేదు. మూసిన పిదప మాత్రము ఈ విషయమును గూర్చి చదువవలెనను కోరిక మాకు కలిగినది. చదివినదానిలో కొంత మీ ముందుంచుచున్నాము.

ఐర్లండు రాజధానియగు డబ్లిన్ నగరమున లిఫీ నదిపై 1816వ సంవత్సరమున పోతయినుముతో నొక కాలినడక వంతెనను కట్టిరి. పొడవు 43 మీటర్లు మాత్రమే. అంతకుముందు విలియం వాల్ష్ అను నతడు అచ్చట పడవలు నడుపుచుండెను. పడవలు శిథిలమైనందున వానిని బాగుచేయుమనియో, లేక వంతెన కట్టుమనియో అధికారులు చెప్పగా, అతడు వంతెనకే యొడబడి, దానిపై నడచువారియొద్ద సుంకము తీసికొను హక్కును పొందెను. సుంకము మనిషికి అర్ధపెన్నీ. 1919 వరకు అది సాగెను. నేటికిని జనులు దానిని అర్ధపెన్నీ వంతెన యనియే పిలుచుచున్నారు. నడకకు సుంకమా యని మీరు నవ్వవచ్చును. సుంకము డబ్బురూపముననే యుండదని కొంచెము తరువాత చూతము.

ఆ ద్వీపముననే ఉత్తరముగా డెర్రీ యను మరియొక నగరము కలదు. అది ఉత్తర ఐర్లండులోనిది, అనగా బ్రిటిషు రాజ్యములోనిది. కొందరు దానిని లండన్‌డెర్రీ యందురు. ఏ పేరు పలికినను పలికినవాడు ఏ పక్షమువాడో వినువారికి తెలిసిపోవునట! ఫాయిల్ నది ఆ నగరమును రెండుగా చీల్చుచున్నది. పడమటి గట్టున కతోలికులు హెచ్చు, తూర్పు గట్టున ప్రొటెస్టెంట్లు హెచ్చు. 1960 దశకాంతము మొదలు 1998 వరకు ఆ దేశమున జరిగిన కలహములలో సుమారు 3,500 మంది చనిపోయిరి. 1972 జనవరి 30వ తేదీన ఈ నగరముననే ఊరేగింపులోని జనులపై సైనికులు కాల్పులు జరుపగా 13 మంది ఆనాడే మరణించిరి. ఆ సంవత్సరములలో పడమటి గట్టున నుండిన ప్రొటెస్టెంటు కుటుంబములలో చాలభాగము ఇండ్లు విడిచి తూర్పు గట్టునకు పోయినవి. ఉభయులును క్రీస్తు పేరు చెప్పుకొనువారే. మిషను పాఠశాల పత్రికలో ఈ మాట వ్రాయుటకు మాకు సిగ్గుగా నున్నది, కాని దాచుట మంచిది కాదు.

ఆ నదిపై వంతెనలు లేకపోలేదు. 1933లో నొకటి, 1984లో నొకటి కట్టిరి. రెండును ముఖ్యముగా బండ్లకొరకైనవి. బండిలో నది దాటినవాడు ఆవలివారి ముఖములు చూడడు, మాటాడడు. తన పనికి తాను పోవును. 2011 జూన్ 25వ తేదీన తెరచిన మూడవ వంతెన కాలినడకవారికిని సైకిళ్లవారికిని మాత్రమే. దానికి శాంతి వంతెన యని పేరు. ఐరోపా సమాఖ్య ధనసహాయము చేసెను. పొడవు 235 మీటర్లు. అది తిన్నగా పోదు. పామువలె మెలికతిరిగి పోవును. దానిని తీగలతో పట్టియుంచు రెండు ఉక్కుస్తంభములు ఎదురెదురు దిక్కులకు వాలియున్నవి. చేతులు కలుపుకొనినట్లుండవలెనని శిల్పుల ఉద్దేశమట.

అయితే మాకు ముఖ్యముగా తోచినది దాని రూపము కాదు, అది చేరుచోటు. పడమటి కొన పురమందిరము దగ్గర, నగరము నడిబొడ్డున నున్నది. తూర్పు కొన ఎబ్రింగ్టన్ అను చోటికి చేరును. అది పూర్వము సైనికుల బారకాసు. గోడలచాటున నుండినది, సామాన్యులకు ప్రవేశము లేదు. సైన్యము వెడలిపోయిన పిదప దాని కవాతుబయలును అందరికి విడిచిరి. 2013లో డెర్రీ బ్రిటనుకు సంస్కృతీనగరముగా నుండినప్పుడు ఆ బయలున పెద్ద సంగీతసభలు జరిగెను. పేరుగాంచిన టర్నర్ చిత్రకళా బహుమాన ప్రదర్శనము కూడ ఆ సంవత్సరము అచ్చటనే జరిగెను. పడమటివాడు ఆ వంతెన దాటినచో వెంటనే పరుల పేటలో దిగడు. ఉభయులకును క్రొత్తదైన బయలున దిగును. వంతెనను ఒక పక్షమువారి వీధిలోనికే నేరుగా దింపియుండినచో ఎందరు దాటియుందురో చెప్పజాలము.

వంతెన కట్టగానే భేదములు తీరినవా? తీరలేదు. ఆ దేశమున నేటికిని పిల్లలలో అధికసంఖ్యాకులు తమతమ పక్షముల పాఠశాలలలోనే చదువుచున్నారు. కలిసి చదువువారు మిక్కిలి తక్కువ. సాయంకాలము వంతెనపై ప్రక్కప్రక్కన నడచువారు ఉదయము వేర్వేరు బడులకు పోవుచున్నారు. బడి చేయవలసిన పనిని వంతెన చేయజాలదు. ఉపాధ్యాయులమైన మాకు ఇది తగిలిన మాట.

ఇక మన దేశమునకు వత్తము. బొంబాయి నగరమున, అనగా ముంబయిలో, పరేలు స్టేషనును, 2018 వరకు ఎల్ఫిన్‌స్టన్ రోడ్డు అనబడిన స్టేషనును వేర్వేరు రైలుదారులపై ప్రక్కప్రక్కన నున్నవి. ఆ ప్రాంతము పూర్వము నూలుమిల్లుల సీమ. మన తెలుగువారును, ముఖ్యముగా తెలంగాణమునుండి పోయిన పద్మశాలీలు, అచ్చట మగ్గములమీద జీవించిరి. 1982 నాటి గొప్ప సమ్మె తరువాత మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడెను. ఆ నేలలపై ఆకాశమునంటు కచేరీలు లేచెను. మిల్లుకూలీలు చాలవరకు చుట్టుప్రక్కల చాళ్లలోనే కాపురముండి నడచి పనికి పోయినవారు. కచేరీల యుద్యోగులో దూరమునుండి రైళ్లలో వచ్చువారు. జనము పెరిగెను గాని స్టేషనుల నడుమ మెట్లవంతెన ఇరుకుగానే యుండెను. 2017 సెప్టెంబరు 29వ తేదీ ఉదయము, దసరాకు ముందునాడు, వాన కురియుచుండగా దిగినవారు తడియకుండ మెట్లపైననే నిలిచిపోయిరి. వెనుకనుండి రైళ్లు జనులను దింపుచునే యుండెను. త్రొక్కిడిలో 23 మంది చనిపోయిరి. పిదప సైన్యపు ఇంజనీరులు వచ్చి క్రొత్త వంతెనను కట్టగా అది 2018 ఫిబ్రవరిలో తెరువబడెను. అయిదు మాసములలో కట్టగలిగినదానిని అంతకు ముందే ఏల కట్టలేదో పెద్దలు ఆలోచింపవలెను.

ఇప్పుడు సుంకము సంగతి. రోడ్డుపై కాలినడక వంతెన కట్టినప్పుడు దాని క్రింద లారీలు పోవుటకు అయిదున్నర మీటర్లు, అనగా 18 అడుగుల ఎత్తు విడువవలెను. మెట్టు అరడుగైనచో ఎక్కుటకు 36, దిగుటకు 36, మొత్తము 72 మెట్లు. రోడ్డు వెడల్పు 50 అడుగులైనచో తిన్నగా నడచువానికి పదునాలుగు క్షణములు చాలును. జనులు వంతెన నెక్కక రోడ్డునకు అడ్డముగా పరుగెత్తుచున్నారని పత్రికలలో నిందింతురు. మోకాళ్లనొప్పిగల ముసలమ్మను 72 మెట్లెక్కుమని, బండిమీద పోవువానిని పదునాలుగు క్షణములు ఆగుమని చెప్పకుండుట మాత్రము న్యాయమా? అట్టి వంతెన నడచువానికొరకు కట్టినది కాదు. అతనిని దారినుండి తొలగించుటకు కట్టినది. హైదరాబాదులో ఉప్పల్ కూడలియందు 2023 జూన్ మాసమున తెరచిన ఆకాశమార్గమునకు లిఫ్టులు, కదలు మెట్లు కూడ అమర్చిరి. అవి పనిచేయునంతకాలము అది మంచి పద్ధతియే.

మన వంతెనకు లిఫ్టు లేదు, ఏటవాలు దారియు లేదు. గణితపు తరగతి పిల్లలచే లెక్కింపజేసితిమి: ఎక్కుటకు 44, దిగుటకు 44. పడమటి పేటనుండి వచ్చు మన ఏడవ తరగతి బాలుడొకడు చంకకఱ్ఱలతో నడచును. అతని యన్న ప్రతి ఉదయమును అతనిని వీపుపై నెక్కించుకొని వంతెన దాటించి, తిరిగి పోయి కఱ్ఱలను, పుస్తకములను తెచ్చును. అనగా పూటకు మూడుసార్లు వంతెన దాటుచున్నాడు. ఆ యన్న ఈ సంవత్సరము పదవ తరగతి ముగించి పై చదువునకు వేరొక యూరికి పోవుచున్నాడు.

వంతెనకు ఏటవాలు దారి కట్టింపుమని రైల్వే అధికారులకు అర్జీ వ్రాసితిమి. అది ఉపాధ్యాయుల గదిలో బల్లపై నున్నది. సంతకము చేయగోరు తలిదండ్రులు ఏ పనిదినముననైనను సాయంకాలము నాలుగు గంటల తరువాత రావచ్చును. పడమటి పేటలవారికి అంతదూరము కష్టమైనచో, ఆదివారము సాయంకాలము మేమే వంతెన దాటి వచ్చెదము.