కూతగాడు – కట్టడి

పాఠ్యభాగ ఉద్దేశం: ఒక్కని అసాధారణ ప్రతిభను సమష్టి కృషి ఎట్లా నిలువరించగలదో విద్యార్థులకు తెలియజేయడం.

చెడుగుడు తెలుగువారికి చిరపరిచితమైన ఆట. మర్రిగూడ వంటి నల్లగొండ పల్లెల్లోనైనా సరే, కాస్త మెత్తని నేల, నడుమ ఒక గీత ఉంటే చాలు, ఆట మొదలవుతుంది. కూతకు వెళ్ళేవాడు ఒక్కడు. ఎదుట నిలిచేవారు ఏడుగురు. సంఖ్యాబలం ఏడుగురిదే. అయినా మేటి కూతగాడు ముగ్గురు నలుగురిని తాకి క్షేమంగా తిరిగి వస్తాడు. అటువంటి వానిని కట్టడి చేయడం ఎట్లా?

మొదటి సూత్రం తొందరపడకపోవడం. కూతగానికి ఉన్న వ్యవధి 30 సెకన్లు. ఒక్కడు ఆవేశపడి ముందుకు దూకితే వరుసలో సందు ఏర్పడుతుంది. అందుకే ఆటగాళ్ళు చేతులు పట్టుకొని గొలుసుగా కదులుతూ అతణ్ణి లోపలికి రప్పిస్తారు. మూలనున్నవాడు చీలమండ పట్టగానే, మిగిలినవారు మధ్యగీతకు దారి మూసివేస్తారు. పట్టు ఒక్కనిది, నిలుపు అందరిది.

రెండవది లెక్క తెలిసి ఆడడం. ఔటైన ఆటగాళ్ళు, తమ జట్టు ఎదుటివారిని ఔట్ చేసిన కొద్దీ ఒక్కొక్కరుగా బరిలోకి వస్తారు. బోనస్ పాయింటు వల్ల మాత్రం ఎవరూ తిరిగి రారు. కనుక మేటి కూతగాడు బయట ఉన్నప్పుడు తెలివైన జట్టు బోనస్ పాయింటునైనా వదులుకుంటుంది గాని, తనవారిపై చేయి పడనీయదు.

మూడవది ప్రత్యర్థిని ఎరిగి ఉండడం. 1990 నుండి ఏడు ఆసియా క్రీడల్లోనూ పురుషుల కబడ్డీ స్వర్ణం భారతదేశానిదే. 2018లో జకార్తాలో జరిగిన సెమీఫైనల్లో ఇరాన్ మన జట్టును 27–18 తేడాతో ఓడించింది. ఇరాన్ ఆటగాళ్ళలో పలువురు ప్రొ కబడ్డీ లీగులో ఆడి, మన కూతగాళ్ళ అడుగులను దగ్గరగా గమనించినవారే.

అమెరికా బాస్కెట్‌బాల్‌లోనూ ఇదే నీతి కనిపిస్తుంది. మైకేల్ జోర్డాన్‌ను ఆపడానికి డెట్రాయిట్ పిస్టన్స్ శిక్షకుడు చక్ డేలీ ప్రత్యేక వ్యూహం పన్నాడు. జోర్డాన్‌కు బంతి అందగానే ఇద్దరు ముగ్గురు చుట్టుముట్టేవారు. మోటుగా ఢీకొనడానికీ వెనుకాడేవారు కారు. 1988, 1989, 1990లలో వరుసగా షికాగో బుల్స్ ఓడిపోయింది. తరువాత శిక్షకుడు ఫిల్ జాక్సన్ బంతిని ఐదుగురి మధ్య తిప్పే పద్ధతిని అలవాటు చేశాడు. ఒక్కని చుట్టూ ఇద్దరు చేరితే మరొకడు స్వేచ్ఛగా ఉంటాడు కదా! 1991లో బుల్స్ 4–0తో పిస్టన్స్‌ను ఓడించింది.

2023లో తెలుగు టైటాన్స్ జట్టు పవన్ సెహ్రావత్‌ను 2.60 కోట్ల రూపాయలకు పైగా వెచ్చించి తీసుకొన్నది. అతడు రాణించినా, ఆ సీజన్‌లో జట్టు పన్నెండింటిలో చివరి స్థానంలో నిలిచింది. ఒక్కనిపై ఆధారపడిన జట్టును ఓడించడానికి ఆ ఒక్కనిని ఆపితే చాలు. ప్రతిభావంతునికి తోడు నిలిచేవారు ఉన్నప్పుడే అతని ప్రతిభ జట్టుకు విజయమవుతుంది.

అర్థాలు
కట్టడి = అదుపు
వ్యవధి = గడువు
బరి = ఆటస్థలం

ప్రశ్నలు
1. మేటి కూతగాణ్ణి నిలువరించే సూత్రాలను వివరించండి.
2. ‘పట్టు ఒక్కనిది; నిలుపు అందరిది’ – సమర్థించండి.